మింగిన గోలీ

"పదకొండు పాయింట్ ఎనిమిది."

జగదీష్ ఆ అంకె చదవడం అది మూడోసారి. సబ్‌స్టేషన్‌లో డ్యూటీ దిగి వస్తూ దారిలోనే రిపోర్టు చూశాడు. చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడి, ఫోను తెర మీద అంకెను వేళ్లతో పెద్దది చేసి చూస్తున్నాడు.

"పోయినసారి ఎంతుండె?"

జంపక్క తన సంచి సర్దుతూనే ఉంది.

"అమ్మా, నిన్నే అడుగుతున్న."

"మూడు పాయింట్ తొమ్మిది," అంది జంపక్క.

ఆ గూడెంలో పన్నెండేళ్లుగా ఆమే ఆశా కార్యకర్త. ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో, ఎవరికి ఎంత రక్తం ఉందో పుస్తకం తెరవకుండానే చెప్పగలదు. సొంత కోడలి థైరాయిడ్ లెక్క చెప్పేసరికి మాత్రం ఆమె గొంతు సన్నబడింది.

"మొదాలు ఎనిమిది. గోలీలు పెట్టినంక నాలుగు కిందికి దిగింది. ఇప్పుడు పదకొండు దాటింది. గోలీ కడుపులకు పోతే దిగాలె గని ఎక్కుతదా?" అంటూ జగదీష్ భార్య వైపు తిరిగాడు. "జ్యోత్స్నా, నీతోనే మాట్లాడుతున్న."

జ్యోత్స్న గుంజకు ఆనుకుని కూర్చుంది. ఐదో నెల. మే నెల ఎండకు పైన రేకులు కాలిపోతున్నా ఆమె భుజాల చుట్టూ దుప్పటి ఉంది. నెల రోజులుగా ఆమెకు మళ్లీ చలి పట్టుకుంది. ముఖం ఉబ్బింది. తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలే.

"మింగుతున్న," అంది.

"మింగుతున్నవ్. మరి ఇదేంది?"

"నాకేం తెలుసు."

"నీకు తెల్వకపోతే ఎవరికి తెలుసు? గోలీ నీ నోట్లకు పోతున్నదా, నా నోట్లకా?"

పగిడయ్య పంచలో కూర్చుని తునికాకు లెక్కపెట్టి కట్ట కడుతున్నాడు. కొడుకు గొంతు పెరిగినప్పుడల్లా ఆయన లెక్క తప్పుతోంది. మళ్లీ మొదటి నుంచి పెడుతున్నాడు.

"అప్పుడొక గోలీ తడిక వెనక దొరికింది గద," అంది జంపక్క మెల్లగా.

ఆ మాటతో జ్యోత్స్న తల ఎత్తింది.

"అది రక్తం గోలీ అత్తా. థైరాయిడ్‌ది గాదు. ఒక్కసారే. కడుపుల తిప్పి కక్కొచ్చింది, ఉమ్మేసిన. ఆ రోజే చెప్పిన నీకు."

"నువ్వు చెప్పలే. కోడి పొడుస్తుంటే నేను చూసిన. అప్పుడు చెప్పినవ్."

అది ఆరు వారాల కిందటి మాట. నాలుగో నెలలో ఎర్ర గోలీలు, అదే ఐరన్ గోలీలు మొదలయ్యాయి. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే జ్యోత్స్నకు కడుపులో నిలిచేవి కావు. ఒకటి తడిక వెనక దొరికాక జంపక్క పద్ధతి మార్చింది. తెల్లవారుజామున ఖాళీ కడుపున థైరాయిడ్ గోలీ ఎలాగూ వేసుకోవాలి. దాంతోపాటే ఎర్ర గోలీ కూడా తన చేత్తో కోడలి అరచేతిలో పెట్టడం మొదలుపెట్టింది. రెండూ గుక్కెడు నీళ్లతో పోతాయి, ఇక ఉమ్మడం ఉండదు అనుకుంది. అప్పటి నుంచి నిజంగానే వాంతులు తగ్గాయి.

"రోజూ నీ చేతితోనే ఇస్తున్నవ్ గద అత్తా. నీ ముంగటనే మింగుతున్న గద."

"చేతిల పెడుతున్న. నోట్లె ఏం జరుగుతుందో నాకేం కనపడుతది."

కోపం వస్తే జంపక్క కోయ భాషలోకి దిగుతుంది. ఇవాళ తెలుగులోనే మాట్లాడుతోంది. అది ఆశా కార్యకర్తగా ఊళ్లో తిరిగి చెప్పే తెలుగు. జ్యోత్స్నకు ఆ తెలుగు వింటేనే ఒళ్లు మండింది. కోయలో తిట్టినా బాగుండేది.

"పిల్ల మింగుతున్న అంటున్నది గద," అన్నాడు పగిడయ్య.

"నీకు తెల్వదు, ఊకో అయ్యా. పోయినేడు ఏమైందో మర్చినవా?" అన్నాడు జగదీష్.

పోయినేడు మూడో నెలలోనే కడుపు పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తినవాడే ఇప్పుడు నేల చూపులు చూస్తున్నాడు.

"పోయినేడు నాకు థైరాయిడ్ ఉందని ఎవరికీ తెల్వది," అంది జ్యోత్స్న. "గోలీలే లేవు. అది గూడ నేనే చేసిన్నా?"

"నేనట్ల అన్నానా?"

"మరెట్ల అన్నవ్?"

"పొద్దస్తమానం పండుకుంటవ్. గోలీలు వేసుకుంటే ఆ మత్తు పోతదని డాక్టరమ్మ చెప్పింది. పోయిందా? బిడ్డ మెదడు దాని మీదనే ఉంటదని గూడ చెప్పింది. రేపు బిడ్డకు ఏమన్నయితే ఎవలను అడగాలె?"

జ్యోత్స్న దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కుంది. మింగుతున్న అన్న మాట అప్పటికే రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆ మౌనాన్నే జగదీష్ ఒప్పుకోలు అనుకున్నాడు.

*

తెల్లారి ఐదున్నరకు జంపక్క రోజులాగే చెంబు, గోలీలు పట్టుకుని వచ్చింది. తెల్లటి చిన్నది థైరాయిడ్‌ది, ఎర్రటి పెద్దది ఐరన్‌ది.

జ్యోత్స్న రెండూ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. చెంబు కింద పెట్టబోయింది.

"నోరు తెరువు," అంది జంపక్క.

జ్యోత్స్నకు ముందు అర్థం కాలేదు.

"తెరువు పిల్లా. నాలుక ఎత్తు. నీ మంచికే."

జంపక్క ఫోను లైటు వేసి కోడలి నోట్లోకి చూసింది. కుడి దవడ, ఎడమ దవడ, నాలుక కింద. గూడెంలో పిల్లలకు నులిపురుగుల మందు వేసిన రోజు అలాగే చూస్తుంది. వేపపుల్ల నములుతూ జగదీష్ నూతి దగ్గర నుంచి చూస్తున్నాడు. దడి అవతల పాలకు పోతున్న పక్కింటామె కూడా ఒక క్షణం ఆగి చూసి, చూడనట్టు పోయింది.

"ఏం లేదు. మింగింది," అని జంపక్క కొడుకుతో చెప్పింది.

జ్యోత్స్న నోరు మూసుకోవడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత లేచి లోపలికి వెళ్లి, గడియ పెట్టుకుని ములకలపల్లిలో ఉన్న తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, నన్ను వచ్చి తీస్కపో," అంది.

కూతురు చెప్పిందంతా శారద ఓపికగా విన్నది. అంతా విన్నాక గొంతు తగ్గించి అడిగింది. "నిజంగ మింగుతున్నవా బిడ్డా? నాకు చెప్పు, నేనెవరికీ చెప్ప. చిన్నప్పుడు మలేరియా గోలీలు గిట్లనే దిండు కింద పెడుతుంటివి."

జ్యోత్స్న ఫోను పెట్టేసింది.

బయట జంపక్క తొందర పెడుతోంది. "జల్దీ తయారుగా. ఏడు గంటల బస్సు పోతే ఎండల పోవాలె. ఇయ్యాల డాక్టరమ్మ ఉంటది. అక్కడనే తేలుతది."

"తేలనియ్," అంది జ్యోత్స్న లోపలి నుంచే. అది అత్తకు వినపడిందో లేదో తెలియదు.

*

భద్రాచలంలో దవాఖానా వరండా అప్పటికే నిండిపోయింది. స్కానింగ్ అయి, డాక్టరమ్మ గదిలోకి వాళ్ల వంతు వచ్చేసరికి పదకొండు దాటింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసింది, పాత రిపోర్టు చూసింది, మళ్లీ కొత్తది చూసింది.

"మాత్రలు రోజూ వేసుకుంటున్నావా అమ్మా?"

జ్యోత్స్న నవ్వినంత పని చేసింది. ఇక్కడ కూడా అదే.

"వేసుకుంటున్న మేడం."

డాక్టరమ్మ జంపక్క వైపు చూసింది. జంపక్క అవుననలేదు, కాదనలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఆ సర్దుకోవడం జ్యోత్స్న చూసింది.

"ఎన్ని గంటలకు?"

"ఐదున్నరకు."

"టీ ఎప్పుడు తాగుతావు?"

"గంట ఆగినంక."

"బాగానే ఉంది. దాంతోపాటు వేరే ఏమన్నా వేసుకుంటావా?"

"రక్తం గోలీ."

"అదెప్పుడు?"

"అప్పుడే మేడం. రెండూ ఒక్కసారే. అత్త చేతిల పెడుతది."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది.

"ఎప్పటి నుంచి?"

"ఆరు వారాల సంది."

"అదీ సంగతి," అని ఆమె వెనక్కి ఆనుకుంది. "చూడమ్మా, ఐరన్ పక్కన ఉంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగా పట్టదు. కడుపులోనే ఐరన్ దాన్ని పట్టేసుకుంటుంది. రెండింటికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. నువ్వు మింగుతూనే ఉన్నావు. నీ ఒంటికి అందింది మాత్రం కొంతే. నెలలు పెరిగే కొద్దీ అసలే ఎక్కువ కావాలి. అందుకే అంత ఎక్కింది."

జ్యోత్స్న కుర్చీలో ముందుకు జరిగింది.

"అంటే నేను మింగిన, మేడం."

"మింగావమ్మా."

"రోజూ మింగినట్టే గద."

"మింగావనే చెప్తున్నాను."

"ఇంకోసారి చెప్పండి మేడం. మా అత్తకు వినపడేటట్టు చెప్పండి."

డాక్టరమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. ఏమి జరిగిందో కొంత అర్థమైనట్టుంది. జంపక్క వైపు తిరిగి, "నీ కోడలు మాత్రలు మానలేదు," అంది. జంపక్క తల ఊపింది.

"థైరాయిడ్ డోసు కొంచెం పెంచుతున్నా. పొద్దున అదొక్కటే. ఐరన్ మధ్యాహ్నం అన్నం తిన్న గంటకు. నాలుగు వారాలకు మళ్లీ రక్తం ఇచ్చి రండి. స్కాన్‌లో ఇప్పటికైతే పెరుగుదల బాగానే ఉంది."

"మేడం, ఈ ఆరు వారాలల్ల బిడ్డకు..." అని జ్యోత్స్న మొదలుపెట్టింది.

"పా పిల్లా, వెనక మంది ఉన్నరు," అని జంపక్క ఆమె మోచెయ్యి పట్టుకుని లేపింది.

మందుల కౌంటర్ దగ్గర విశ్రాంతమ్మ సిస్టర్ ఉంది. ఖమ్మం నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే పనిచేస్తున్న మనిషి. జంపక్క తెచ్చే ప్రతి గర్భిణినీ పేరుతో పిలుస్తుంది. జ్యోత్స్న బాత్రూమ్‌కి వెళ్లగానే చీటీ చదివి తల ఎత్తింది.

"రెండూ కలిపి ఇచ్చావా?"

"తెల్వలే సిస్టర్."

"తెల్వకపోవడం ఏంటి జంపక్కా? ఇదే కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పాను కదా. నాలుగో నెల చెకప్‌కి వచ్చిన రోజు. థైరాయిడ్ ఉన్న పిల్ల, ఈ ఎర్రవి ఆ మాత్రతో కలపకు, మధ్యాహ్నం ఇవ్వు అన్నాను."

"నాకు చెప్పినవా?"

"నీకే. నువ్వు ఫోన్లో ఉన్నావు. ఎవరో రామక్క కోడలికి నొప్పులు మొదలయ్యాయని, కాన్పుకు తీసుకెళ్లే అమ్మఒడి బండి వాగు దగ్గర ఆగిపోయిందని అరుస్తున్నావు. పిల్లకు చెప్తానంటే, అది నిద్రమొహంది, నాకు చెప్పు చాలు అన్నావు. చెప్పాను. తెలుసు సిస్టర్, తెలుసు అన్నావు."

జంపక్కకు గుర్తొచ్చింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో గోలీల పొట్లాలు సంచిలో వేసుకుంటూ తెలుసు అనడం గుర్తొచ్చింది. బయట బెంచీ మీద కూర్చోమని జ్యోత్స్నను పంపింది తనే. ఆ రోజు రామక్క కోడలికి బండిలోనే కాన్పయింది, తల్లీబిడ్డా క్షేమం. ఆ సాయంత్రం గూడెమంతా జంపక్కను మెచ్చుకుంది.

"తప్పు ఎవరికైనా జరుగుతుంది," అంది విశ్రాంతమ్మ గొంతు తగ్గించి. "పిల్లకు మాత్రం నువ్వే చెప్పు."

"చెప్త," అంది జంపక్క.

*

తిరుగు బస్సులో జ్యోత్స్నకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఎన్నో రోజుల తర్వాత ఆమె తనంతట తాను మాట్లాడింది.

"మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాలె. దిండు కింద పెట్టిన్నా అని అడిగింది పొద్దున. నీ కొడుకును గూడ నేనేమీ అనను అత్తా. నువ్వే చెప్పు. డాక్టరమ్మ ఏమన్నదో గట్లనే చెప్పు."

"ఊఁ."

కిటికీ అవతల గోదావరి ఇసుక తెల్లగా మెరుస్తోంది. నీళ్లు ఎక్కడో దూరంగా ఒక చార.

"నేను నీ మీద చాన కోపం చేసిన అత్తా. పొద్దున నోరు తెరువు అన్నప్పుడు, ఇంక నీ మొహం చూడొద్దు అనుకున్న. భద్రాచలం బస్టాండ్ల దిగి అట్నుంచి అటే మా ఊరికి పోవాలె అనుకున్న." ఆమె కొద్దిగా నవ్వింది. "నీది గూడ తప్పు లేదులే. రెండూ కలపొద్దని నీకు తెల్వకపాయె. ఎవరన్న చెప్తే ఎందుకిస్తవ్? నీకెవరూ చెప్పలే గద."

జంపక్క ముందు సీటు కడ్డీ పట్టుకుంది. ఇప్పుడు చెప్పాలి. ఈ మాట దాటితే ఇక చెప్పడం కుదరదు. నోరు తెరిచింది.

"అవ్," అంది.

జ్యోత్స్న చెంగు చెవుల మీదుగా కప్పుకుని అత్త భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. ఆ బరువుకు జంపక్క భుజం తిమ్మిరెక్కింది. అయినా ఊరు వచ్చేవరకు కదల్చలేదు.

*

సాయంత్రం జగదీష్ వచ్చేసరికి డాక్టరమ్మ చెప్పిన సంగతి పగిడయ్యకు తెలిసిపోయింది. ఆయన ఆకు కట్టలు వదిలేసి, కోడలికి ఇష్టమని ముంజలు కొట్టించుకుని వచ్చాడు.

"ఏమన్నది డాక్టరమ్మ?" అని అడిగాడు జగదీష్. అడిగింది తల్లిని.

"మింగింది అన్నది. గోలీలన్నీ మింగింది. రెండూ కలిపిచ్చినందుకు ఒంటికి పట్టలే. కలిపిచ్చింది నేను."

జగదీష్ భార్య వైపు చూశాడు. ఆమె ముంజ వొలుస్తోంది, తల ఎత్తలేదు. అతడు చెప్పులు విడిచి, మళ్లీ వేసుకుని, మళ్లీ విడిచాడు.

"మరి నాకు చెప్తే..."

"చెప్పిన," అంది జ్యోత్స్న. "మింగుతున్న అని రెండుసార్లు చెప్పిన. ఇంకెట్ల చెప్పాలె?"

జగదీష్ పంచ అంచున కూర్చున్నాడు, తర్వాత లేచాడు. సిగ్గు అతడిలో ఎక్కువసేపు సిగ్గుగా ఉండదు. కోపంగా మారితేనే అతడికి ఊపిరాడుతుంది.

"అసలు కలపొద్దని ఆ దవాఖానోళ్లు ఎందుకు చెప్పలే? మాకేం తెలుసు? చెప్పాల్సింది వాళ్లు గాదా?"

"పోనియ్ రా," అంది జంపక్క.

"ఎట్ల పోనియ్యాలె? ఆరు వారాలు. పిల్లను ఇంట్ల దొంగను చేసినం. గోలీలు ఇచ్చేది ఆ కౌంటర్ సిస్టరే గద, విశ్రాంతమ్మ. నంబరియ్యి. అడుగుత. లేకుంటే రేపు పై ఆఫీసర్‌కు కాయితం పెడత."

"నంబరెందుకు."

"నీ ఫోన్ల ఉంటది గద, ఇటియ్యి."

"అత్తకు గూడ ఎవరూ చెప్పలే పాపం," అంది జ్యోత్స్న. ఒక ఆకులో నాలుగు ముంజలు పెట్టి జంపక్క ముందుకు జరిపింది. "పొద్దటి సంది ఏం తినలే. తిను అత్తా."

జంపక్క ఆ ఆకు వైపు చూసింది. జగదీష్ అప్పటికే ఆమె సంచిలో నుంచి ఫోను తీసి పేర్లు వెతుకుతున్నాడు.

"ఆ సిస్టర్‌ను ఏమనకు," అంది జంపక్క.

"ఎందుకనొద్దు?"

"చెప్పింది."

"ఏంది?"

"ఆమె చెప్పింది. నాలుగో నెల చెకప్‌కు పోయిన రోజే చెప్పింది. ఎర్ర గోలీ దాంతోటి కలపకు అన్నది. నేను ఫోన్ల ఉన్న. వినకుంటనే తెలుసు అన్న."

ముంజకాయలు చెక్కుతున్న పగిడయ్య చేతిలో కత్తి ఆగింది.

"ఆ రోజు నేనెక్కడున్న?" అని అడిగింది జ్యోత్స్న.

"బయట. బెంచీ మీద."

"ఎందుకు బయటున్న?"

"నేనే కూసోమన్న. సిస్టర్ నీకు చెప్తానన్నది. అది నిద్రమొహంది, నాకు చెప్పమన్న."

"బస్సుల అడిగిన గద అత్తా. అవ్ అంటివి."

"అన్న."

జంపక్క అది కోయలో అంది. ఇంకేదో కూడా కోయలో అనబోయి ఆగిపోయింది.

జగదీష్ తల్లి మీదికి తిరిగాడు. "నీకు చెప్పినా గూడ పొద్దున నోట్లె లైటు పెట్టి..."

"నువ్వు మాట్లాడకు," అంది జ్యోత్స్న. గొంతు పెంచలేదు. "లైటు పెట్టినప్పుడు నువ్వు పుల్ల నములుకుంట చూసినవ్. ఇప్పుడు నా తరఫున ఎవరినీ తిట్టకు."

అతడు చేతిలో ఫోనుతో అలాగే నిలబడిపోయాడు.

జ్యోత్స్న దుప్పటి తీసి పక్కన పెట్టింది. లేవడానికి గుంజ పట్టుకుంది. పగిడయ్య చెయ్యి అందించబోతే వద్దని తల అడ్డంగా ఊపి, తనే లేచింది. జగదీష్ ముందుకు వెళ్లి అరచెయ్యి చాపింది.

"ఫోనియ్యి."

"ఎవరికి చేస్తవ్?"

"సిస్టర్‌కు."

"జ్యోత్స్నా, నేనే ఆమె కాళ్లు మొక్కుత. తప్పు నాదని రేపు పోయి నేనే..." అంది జంపక్క.

"నీ గురించి గాదు అత్తా."

ఆమె నంబరు నొక్కింది. నాలుగు రింగులు పోయాయి. అవతల గొంతు పలకగానే జ్యోత్స్న వాకిలి దాటి దడి వైపు నడిచింది. నడుస్తూ మొదటి మాటలు అంది, అవి మాత్రమే పంచలోకి వినిపించాయి.

"సిస్టర్, నేను జంపక్క కోడలిని, జ్యోత్స్నను. డాక్టరమ్మను ఒక మాట అడుగుదామనుకున్న, అడగనియ్యలే. గోలీ సరిగ పట్టని ఆరు వారాలల్ల నా బిడ్డకు ఏమన్న అయి ఉంటదా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా ఇంటోళ్లకు గాదు, నాకే చెప్పండి."

తర్వాత ఆమె దడి చివరికి పోయింది.

అవతల సిస్టర్ చాలాసేపు మాట్లాడింది. జ్యోత్స్న ఒకసారి తల ఊపింది. కాసేపటికి మరోసారి ఊపింది. ఎడమ చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. మధ్యలో ఏదో చిన్న ప్రశ్న అడిగినట్టుంది, దానికి జవాబు ఇంకా పొడుగ్గా వచ్చింది.

జగదీష్ అటువైపు అడుగు వేశాడు. పగిడయ్య అతడి మణికట్టు పట్టుకుని ఆపాడు. "ఆమెనే వచ్చి చెప్పనియ్యి," అన్నాడు. "చెప్తే."

జంపక్క గడప మీద కూర్చుంది. పన్నెండేళ్లలో ఈ గూడెంలో ఏ కడుపు సంగతైనా అందరికంటే ముందు ఆమెకే తెలిసేది.

దడి దగ్గర జ్యోత్స్న ఫోను చెవి మీద నుంచి దించింది. ఇటువైపు మాత్రం తిరగలేదు.